వనభోజనాల నాటి పెరుగు

కార్తీకం వస్తోందంటే నాకు గుండెల్లో రాయి పడుతుంది. ఏళ్ళుగా మోస్తున్నాను. ఇక నా వల్ల కావడం లేదు. నా పేరు అడగకండి. ప్రత్తిపాడు దగ్గర ఊరనుకోండి, చాలు.

మా వీధిలో ఏ చిన్న పండగ చేసుకోవాలన్నా పెత్తనం నాదే. అట్లతద్దికి ఉయ్యాల ఎవరింట్లో కట్టాలి, వినాయకుడి దగ్గర ఏ రోజు ఎవరి ప్రసాదం, అన్నీ నేనే చెప్పేదాన్ని. వంట మాత్రం పక్కింటి రత్తమ్మక్కది. ఆవిడ దద్దోజనం కలిపిందంటే పిల్లలు గిన్నె చుట్టూ మూగేవాళ్ళు. అది చూసి నాకు ఉక్రోషంగా ఉండేదా? ఉండేదేమో. దాని మీదకి నెట్టేసి తప్పించుకోలేను.

ఆ ఏడు వనభోజనాలు ఊరి బయట తోటలో, ఉసిరిచెట్టు కింద పెట్టాను. దద్దోజనం ఎప్పటిలాగే రత్తమ్మక్కే కలిపింది. తెప్పించిన నీళ్ళ క్యాన్లు మధ్యలోనే అయిపోయాయి. ఏర్పాట్లు నావి కదా, నలుగురిలో మాట పడతానేమోనని కంగారు. పక్కనే మా మిరప చేను. మోటారుకి కరెంటు పోయేలోగా నీళ్ళు పట్టాలి, వేరే పెద్ద పాత్ర లేదు. అక్కడ నీలం డ్రమ్ము ఉంది. అందులో పురుగుమందు కలుపుతామని నాకు తెలుసు. సబ్బుతో తోమాను, కడిగాను, లోపలికి తల వంచి వాసన చూశాను. ఏమీ రాలేదు. నింపించి అందరికీ తాగడానికి పెట్టాను.

సాయంత్రానికి పిల్లలకి వాంతులు మొదలయ్యాయి. పెద్దవాళ్ళకీ కొందరికి. రత్తమ్మక్క మనవరాలు కళ్ళు తేలేసింది. గుంటూరు ఆసుపత్రిలో డాక్టరు ఏం తిన్నారు, ఏం తాగారు అని అడిగితే తిన్నవన్నీ వరసగా చెప్పాను. డ్రమ్ము సంగతి చెప్పలేదు. చెప్పుంటే వైద్యం వేరేగా ఉండేదేమో. పిల్లల ప్రాణాలకంటే నా పరువు ఎక్కువైందా నాకు? అయింది. అందరూ బతికి బయటపడ్డారు, అందులో నా గొప్పేమీ లేదు.

ఆసుపత్రి వరండాలో రత్తమ్మక్క నా చెయ్యి పట్టుకుంది.

"కలిపేముందు పెరుగు నువ్వూ రుచి చూశావు గదే. నిజం చెప్పు, ఏమన్నా తేడాగా ఉందా?"

"కొంచెం పులిసినట్టే అనిపించింది అక్కా. నొచ్చుకుంటావని అనలేదు."

తడుముకోకుండా వచ్చేసింది ఆ అబద్ధం. ఆవిడ నా చెయ్యి వదిలేసి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. వెనక నిలబడ్డ ఆవిడ కోడలు విన్నది. మర్నాటికి వీధంతా విన్నది.

పెరుగు కాదని నాకెలా తెలుసంటారా? మా ఆయన ఆలస్యంగా వచ్చి, గిన్నె అడుగున మిగిలిన దద్దోజనమంతా తిన్నాడు. నీళ్ళు మాత్రం ఇంటినుంచి తెచ్చుకున్న సీసాలోవి తాగాడు. ఆయనకేమీ కాలేదు.

కోడలు ఆవిణ్ణి పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేసింది. మనవరాలికి ఒక్క ముద్ద పెట్టనివ్వలేదు. అక్క ఇప్పటికీ పాలైనా అన్నమైనా వాసన చూడనిదే ముట్టదు, కడిగిన చేతులే మళ్ళీ కడుగుతుంది, తన చేతిలోనే ఏదో విషం ఉందని నిజంగానే నమ్మేసింది. నేను పక్కింట్లోంచి చూస్తూనే ఉన్నాను. ప్రతి పండక్కీ పిలుస్తూనే ఉన్నాను, ఏ వంటా అప్పగించకుండా. అయినా పిలుస్తోందని వీధిలో నన్ను మంచిదాన్నంటారు. ఆ మాట వింటే ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తుంది.

మళ్ళీ వనభోజనాలు అనుకున్నాం. నిన్న అక్క వచ్చి, వంటల జోలికి రానని, విస్తరాకులు తుడిచి ఇస్తానని, అదన్నా చెయ్యనివ్వమని బతిమాలింది. నన్ను బతిమాలింది. నేను సరేనన్నాను. అప్పుడైనా ఎందుకు చెప్పలేకపోయాను? డ్రమ్ము కడిగి పెట్టడం పొరపాటని చెప్పుకోవచ్చు. ఇన్నేళ్ళు ఊరుకోవడాన్ని ఏమని చెప్పుకోను?

రేపు చెబుతానని మీకు మాట ఇవ్వలేను. అలాంటి మాటలు నాకు నేనే చాలా ఇచ్చుకున్నాను. క్షమించమనీ అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఒక్క నిజం మాత్రం రాసి ఊపిరి పీల్చుకోనివ్వండి. ఆ పూట పెరుగు పులవలేదు. కమ్మగా ఉంది. అడిగి మరీ ఇంకో గరిటె వేయించుకున్నాను.