ల్యాప్‌టాప్‌లో ఇంకొకరు

ల్యాప్‌టాప్ మరీ నెమ్మదైంది, ర్యామ్ పెంచాలేమోనని ఈ సాయంత్రం నల్లగొండ గడియారం సెంటర్‌లో రిపేర్ షాపుకు తీసుకెళ్లాను. ఏది ఎంత ర్యామ్ వాడుతోందో షాపతను తెరిచి చూశాడు.

"ర్యామ్ మస్తుగున్నది సార్. సుజాత మేడమ్ ఎవరు? ఆమె అకౌంట్ ఇంకా నడుస్తాంది. సగం ఆమెనే తీసుకుంటాంది."

సుజాత నా భార్య. పోయి నాలుగు నెలలు. ఇన్నాళ్లూ మూత వేయడమే తప్ప నేను ల్యాప్‌టాప్ ఆఫ్ చేయలేదు. ఎవరూ ఏమీ ముట్టుకోకపోయినా ఆమె పేరు పక్కన అంకె పెరుగుతూ, తగ్గుతూ ఉంది.

"ఆమెది బంద్ చేయాల్నా సార్?"

"వద్దు. ఇంకో ర్యామ్ వెయ్యి."

"గా ర్యామ్ వేయాలన్నా ల్యాప్‌టాప్ మొత్తం బంద్ చేసుడే గద సార్!"

మూత వేసి తెచ్చేసుకున్నాను. ఇది దాని మీదే రాస్తున్నాను. ఒక్కో అక్షరం ఆగి ఆగి వస్తోంది. నాకు తొందర లేదు. మీరైతే ఆపేసేవారా?