నాలుగు నిమిషాల నిశ్శబ్దం

మా బాబాయి లిఫ్టుల మెకానిక్. ముప్పై ఏళ్లుగా అదే పని. లిఫ్టులో లోపం ఎక్కడుందో మిగతా మెకానిక్‌లు విప్పి చూసి చెబుతారు, ఈయన విని చెబుతాడు. మేడ మీది మెషిన్ రూములో గోడకు వీపు ఆనించి, కళ్లు మూసుకుని, లిఫ్టును ఒకసారి పైకీ ఒకసారి కిందికీ నడపమంటాడు. "మూడో అంతస్తు దగ్గర రోలర్ అరిగింది" అనో, "మోటారు బేరింగ్‌లో గ్రీజు ఎండిపోయింది" అనో తేల్చేస్తాడు. విప్పి చూస్తే అదే అయ్యుండేది. కంపెనీలో ఆయనకున్న పరువంతా ఆ రెండు చెవులదే. ఆ సంగతి ఎదుటివాళ్లకు తెలియకపోతే తెలిసేదాకా తానే చెబుతాడు.

ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు. పని తెలిసినవాడు కాస్త బడాయి పోతే భరించవచ్చు. నా ఒళ్లు మండేది ఆయన శనివారాల గురించి.

శనివారం మధ్యాహ్నం మూడింటికి, మందుల షాపు వెనక గోదాములో, దగ్గు మందు అట్టపెట్టెల మధ్య ముగ్గురు మగాళ్లు కూర్చుంటారు. షాపు నడిపే మందులాయన, కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మాస్టారు, మా బాబాయి. ఒకప్పుడు తొమ్మిది మంది ఉండేవారట. బుర్ర ఉన్న ఆరుగురు పెళ్లాం పిల్లల వంక పెట్టి మెల్లగా జారుకున్నారు. మిగిలిన ముగ్గురూ అక్కడ చేసేదేమిటంటే, ఒకరికొకరు సిఫార్సులు చేసుకోవడం. మందులాయనది భయపెట్టే సినిమాల శాఖ. మాస్టారిది వేరే గ్రహాలు, రాబోయే కాలాలు, మనిషి మనిషి కాకుండా పోయిన కథలు, అలాంటి పుస్తకాల శాఖ. బాబాయిది ఎలక్ట్రానిక్ సంగీతం, అంటే పాడేవాళ్లు లేకుండా మిషన్లలోంచి తీసే ధ్వనులు. వారమంతా మోటార్ల రొద విన్న మనిషి సెలవు రోజున కూడా కూర్చుని ఆ రొదే ఎందుకు వింటాడని పిన్ని అడుగుతూనే ఉంటుంది.

మందులాయన తెర మీద తలలు తెగి దొర్లుతుంటే వేరుశెనగలు నములుతూ "ఈ సీన్‌లో లైటింగ్ చూడండి" అంటాడు. అదే షాపుకి ఎవరైనా వేలు తెగి రక్తం కారుతూ వస్తే, కళ్లు తిరిగి కౌంటర్ కింద కూలబడతాడు. మాస్టారు నాలుగు వేల ఏళ్ల తర్వాత మనుషులు ఏ గాలి పీలుస్తారో గంటసేపు చెబుతారు. తన క్లాసులో ముందు బెంచీలో కూర్చునే విద్యార్థి పేరడిగితే తల గోక్కుంటారు. వీళ్లు ఒకరినొకరు "మీ అభిరుచి వేరండీ" అని పొగుడుకుంటారు. నిజమే, వేరే. మనుషులు ఎక్కువగా లేని చోట బాగా పెరిగే రకం అభిరుచి అది.

వాళ్లకు రెండు నియమాలున్నాయి. సిఫార్సు చేసినది ఇంకెవరికీ తెలిసినది కాకూడదు. పదిమందికీ నచ్చిందంటే అది చెడిపోయినట్టే లెక్క. రెండోది, "నచ్చలేదు" అన్న మాట ఎవరూ అనకూడదు. నచ్చకపోతే "నాకింకా అందలేదు" అనాలి. అంటే లోపం ఆ సినిమాలోనో పుస్తకంలోనో కాదు, తన బుర్రలోనే ఉందని నలుగురి ముందూ ఒప్పుకోవాలి. ఒక నెలలో మూడుసార్లు అందనివాడు ఆ నెలంతా టీ గ్లాసులు కడగాలి. ఎవరు ఒప్పుకుంటారు చెప్పండి! అందరికీ అన్నీ అందుతూనే ఉండేవి. ఆ గ్లాసులను ఏళ్ల తరబడి ఎవరూ సరిగ్గా కడగలేదని వాటి రంగు చూస్తేనే తెలిసిపోయేది.

నెలాఖరుకు ముగ్గురూ కలిసి ఒక జాబితా తయారుచేసి, తెలిసినవాళ్లందరి ఫోన్లకూ పంపేవారు. నా ఫోన్‌కీ వచ్చేది. నేను చెవుల పరీక్షా కేంద్రంలో పని చేస్తాను. మనుషుల్ని గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, సన్నవీ బొంగురువీ రకరకాల శబ్దాలు వినిపిస్తాను. వినిపించినప్పుడల్లా వాళ్లు బటన్ నొక్కాలి. అందుకని బాబాయి నాకు మాత్రం జాబితా కింద ఒక ముక్క అదనంగా రాసేవాడు: "శబ్దాలతో పనిచేసే పిల్లవి. నీ మాట నాకు ముఖ్యం. విని చెప్పమ్మా." నేను బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకునేదాన్ని. పొద్దున్నుంచి సాయంత్రందాకా పీప్ పీప్ అని వినిపించి, ఇంటికొచ్చి మళ్లీ ఆ పీప్ పీప్ నేనే వినాలా? రెండేళ్లు ఇలాగే నడిచింది.

ఒక శనివారం పిన్ని ఫోన్ చేసింది.

"మీ బాబాయికి భుజం పట్టేసింది. ఆ స్పీకర్ గోదాముకి చేరకపోతే కొంపలు మునిగిపోతాయట. నువ్వు కాస్త ఆయన్నీ దాన్నీ తీసుకెళ్లి దింపి రా తల్లీ."

వెళ్లాను. దారంతా బాబాయి తన లిఫ్టు గొడవ చెబుతూనే ఉన్నాడు. ఎనిమిదంతస్తుల భవనం, సోమవారం సంవత్సరం తనిఖీ, కాగితం మీద ఆయన సంతకం పెట్టాలి. పై అంతస్తు వాళ్లు లిఫ్టు కీచుమంటోందని రోజూ ఫోన్ చేస్తున్నారట.

"రెండుసార్లు ఎక్కి విన్నాను. చుక్క శబ్దం లేదు. వాళ్లేమో ఉందంటారు. జనాలకి చెవులు పనిచెయ్యడం మానేశాయమ్మాయ్."

"వేరే మెకానిక్‌ని పంపించి చూడకపోయావా?"

"నేను విన్నాక ఇంకొకడు వినేదేమిటి?" అని చిన్నబుచ్చుకున్నాడు.

గోదాములో నన్ను చూసి మందులాయన మొహం వెలిగిపోయింది. కొత్త చెవులు దొరికాయి కదా. ఒక అట్టపెట్టె దుమ్ము దులిపి నన్ను కూర్చోమన్నాడు. బాబాయి స్పీకర్ తగిలించి, గొంతు సవరించుకుని, పెళ్లికి వచ్చిన పెద్దమనిషిలా నిలబడ్డాడు.

"మొదటి రెండు భాగాలు మామూలే. మూడోది వినండి. నాలుగు నిమిషాల నిశ్శబ్దం. నిఖార్సైన నిశ్శబ్దం. అంత ధైర్యం ఎంతమందికి ఉంటుంది?"

మొదటి భాగం ధడ్ ధడ్ మంది. రెండోది బుర్రుమంది. మూడో భాగంలో ఆ రొదంతా ఒక్కసారి ఆగి, సన్నటి ఈల మొదలైంది. మామూలు ఈల కాదు. సూదిలాంటిది, చాలా పై స్థాయిది. మా పరీక్షలో ఆఖరున వినిపించే మెట్టు దగ్గర ఉంటుంది అది. రోజూ వినేదాన్ని కాబట్టి నాకు వెంటనే తెలిసిపోయింది. నా పళ్లు జివ్వుమన్నాయి.

మిగతావాళ్లను చూశాను. మాస్టారు కళ్లు గట్టిగా మూసుకుని, కనుబొమలు ముడిచి, ఏదో నొప్పి ఓర్చుకుంటున్నారు. మందులాయన చెయ్యి తనంతట తానే చెవి దాకా లేచింది. అక్కడిదాకా వెళ్లాక సిగ్గుపడి, కాసేపు జుట్టు సవరించుకుని దిగిపోయింది. బాబాయి ఒక్కడే తల గోడకు ఆనించి హాయిగా ఉన్నాడు.

నాలుగు నిమిషాలు అయిపోయాయి.

"నా ఒంట్లో రక్తం పారుతున్న చప్పుడు నాకే వినిపించిందండీ," అన్నాడు మందులాయన.

"శూన్యం," అన్నారు మాస్టారు. "అంతరిక్షంలో ఒంటరిగా తేలుతున్నట్టుంది."

"ఏం శూన్యం మాస్టారూ?" అన్నాను. "నాలుగు నిమిషాలూ ఈల మోగుతూనే ఉంది కదా!"

బాబాయి నా వైపు తిరిగాడు.

"ఏ ఈల?"

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. "ఆ ఈలను నిశ్శబ్దానికి మరో పార్శ్వం అనుకోవచ్చమ్మా."

"అంటే మీకు వినిపించింది."

"వినిపించడం అనేది ఒక..."

"మాస్టారూ, వినిపించిందా, లేదా?"

"వినిపించింది," అన్నారు, మార్కులు కోల్పోయిన విద్యార్థిలా.

మందులాయన వేరుశెనగల పొట్లం మడత పెడుతూ, "నాకూ వినిపించిందనుకోండి," అన్నాడు. "ఇదొక్కటే కాదు, ఇంతకుముందు కూడా నిశ్శబ్దం నిశ్శబ్దం అని ఆయన పెట్టిన చాలావాటిలో ఇలాగే కీచుకీచుమనేది. ఆయన వినే తీరు వేరేమో అనుకున్నాం."

"ఎన్నాళ్లుగా?"

"రెండేళ్లు ఉంటుంది. మాస్టారు దాని మీద వ్యాసం కూడా రాశారు."

వ్యాసం! ఒక మనిషి చెవులు పాడవుతుంటే ఈ మహానుభావుడు కూర్చుని వ్యాసం రాశాడు. నాకు కోపం కాదు, అసహ్యం వేసింది. దెయ్యాలన్నా గ్రహాంతరవాసులన్నా బెదరని ఈ వీరులు టీ గ్లాసులు కడగాల్సి వస్తుందని జడిసి, రెండేళ్లు నోరు కుట్టేసుకున్నారు. "అయ్యా, ఇందులో ఏదో మోగుతోంది, మీకు వినపడటం లేదా?" అని అడగడానికి చదువు అక్కర్లేదు. అభిరుచి అంతకన్నా అక్కర్లేదు.

"ఆటపట్టిస్తున్నారు కదూ నన్ను?" అని బాబాయి నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది.

నేను ఆయన చెయ్యి పట్టుకుని లేపాను. స్పీకర్ అక్కడే వదిలేసి, తిన్నగా మా కేంద్రానికి తీసుకెళ్లాను. గాజు తలుపు గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టాను. కింది స్థాయి శబ్దాలన్నింటికీ టక్కుటక్కున బటన్ నొక్కాడు, గర్వంగా నా వైపు చూశాడు కూడా. పైకి వెళ్తున్నకొద్దీ ఆలస్యమైంది. ఆ తర్వాత ఆగిపోయింది. నేను శబ్దం పెంచాను, ఇంకా పెంచాను. ఆయన అద్దంలోంచి నా చేతినే చూస్తూ కూర్చున్నాడు. నా చెయ్యి కదిలినప్పుడల్లా నొక్కడం మొదలుపెట్టాడు. ఒకసారి నేను శబ్దం ఇవ్వకుండా ఊరికే చెయ్యి కదిపాను. అప్పుడూ నొక్కాడు.

బయటికొచ్చాక, ఏ శబ్దం ఎంతవరకు వినిపించిందో మిషన్ కాగితం మీద గీసిన గీత చూపించాను. సగం దాకా తిన్నగా వచ్చి, అక్కడి నుంచి మెట్లు మెట్లుగా దిగిపోయింది. ముప్పై ఏళ్లు మూసిన లిఫ్టు గుంతలో నిలబడి, చెవులకు ఏ అడ్డూ లేకుండా కాంక్రీటులో డ్రిల్లింగ్ చేస్తే ఇలాగే అవుతుందని చెప్పాను. పోయినది తిరిగి రాదు. ముందే తెలిసి చెవులు కప్పుకుని ఉంటే మిగిలినదైనా మిగిలేది. అవన్నీ దాచకుండా చెప్పాను. ఆయన బుద్ధిగా విన్నాడు.

"బేరింగ్ ఎండిపోతే వచ్చే కీచు ఈ గీతలో ఎక్కడ ఉంటుంది?" అని అడిగాడు.

గీత దిగిపోయిన చోట వేలు పెట్టాను.

"సోమవారం సంతకం పెట్టేవాణ్ని," అన్నాడు. "ఎనిమిదంతస్తులు. పిల్లలు, ముసలివాళ్లు ఎక్కే లిఫ్టు."

సోమవారం పొద్దున సెలవు పెట్టి ఆయనతో వెళ్లాను. ఎనిమిది అంతస్తులు మెట్లెక్కి, దాని మీది మెషిన్ రూముకి చేరాం. లిఫ్టును ఒకసారి పైకీ ఒకసారి కిందికీ నడపమని ఆయన కింద వాచ్‌మన్‌కు ఫోన్‌లో చెప్పాడు. మోటారు కదిలింది. ఎప్పటిలా గోడకు ఆనుకోలేదు, కళ్లు మూసుకోలేదు. నాకెదురుగా నిలబడి నా మొహాన్నే చూస్తున్నాడు.

మోటారు వేగం అందుకోగానే మొదలైంది. తడి గుడ్డతో గాజును రుద్దినట్టు, సన్నగా, విడవకుండా కీచు.

"ఉంది బాబాయ్. మోటారుకి ఎడమ వైపు."

"పైకి వెళ్తున్నప్పుడేనా, దిగేటప్పుడు కూడానా?"

"రెండుసార్లూ."

ఆయన తల ఊపాడు. లిఫ్టు ఆపించాడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని, శబ్దం అన్న గడిలో 'బేరింగ్ మార్చాలి, అప్పటిదాకా నడపరాదు' అని రాశాడు. కింద 'నేను విని చెప్పినది కాదు' అని కూడా రాశాడు. అలా రాయమని కంపెనీ వాళ్లు ఎక్కడా అడగలేదు. ఆ ముక్క చదివితే ఆయన్ని ఇక మెషిన్ రూముకి పంపరని ఆయనకు తెలుసు.

నేను ఆ మందులాయన్నీ మాస్టారునీ తిట్టడం మొదలుపెట్టాను. రెండేళ్లు పక్కనే కూర్చుని ఒక్క మాట అనలేదు, వాళ్లూ మనుషులేనా, సిగ్గూ శరం ఉన్నాయా అని నోటికొచ్చినట్టు అంటూ పోయాను. ఆయన పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకునేదాకా ఆగాడు.

"నెల నెలా నీకు పంపాను కదమ్మా," అన్నాడు. "ఒక్కటైనా విన్నావా?"

అబద్ధం చెబుదామంటే దారి లేదు. విన్నానంటే, ఆ ఈల విని కూడా నోరు మూసుకున్నదాన్ని అవుతాను.

"లేదు బాబాయ్."

కోప్పడతాడనుకున్నాను. పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకోబోయి, నొప్పికి ఆగి, రెండో భుజానికి మార్చుకున్నాడు.

"అయితే వాళ్లే నయం," అన్నాడు. "వాళ్లు వినైనా విన్నారు."