మా అన్న నోరు మూయించిన పెట్రోలు బండి

మొన్న జనగామలో, హైదరాబాదు దారి మీది పెట్రోలు బంకులో, మా చిన్నమ్మాయి స్కూటరు వెనక కూర్చుని మా వంతు కోసం చూస్తుంటే, మా ముందర ఒక ఇల్లు నిలబడి పెట్రోలు పోయించుకుంటోంది. ఇల్లంటే నిజంగా ఇల్లే. కిటికీకి పూల తెర, లోపల గ్యాసు పొయ్యి, గోడకు మడిచిపెట్టిన మంచం, అన్నీ చక్రాల మీద. మెట్టు మీద నిలబడ్డ ఇల్లాలు గిర్రున తిరిగే అంకెలను చూసి, లీటరుకు ఏడు కిలోమీటర్లు కూడా రావడం లేదని మొగుణ్ని దెప్పుతోంది. పాపం, అతను తప్పంతా ఎదురుగాలి మీదికి నెట్టేస్తున్నాడు. మా అమ్మాయి ముచ్చటపడి ఫోనులో వీడియో తీసుకుంది. నాకు మాత్రం ఆ మాట చెవిన పడగానే, ఎప్పుడో చల్లారిందనుకున్న పగ భగ్గుమంది. పెట్రోలూ పగా ఒకే జాతివనుకుంటాను. మూత గట్టిగా ఉన్నంతసేపే వాటి వాసన తెలియదు.

పెళ్లయిన కొత్తలో మా ఆయనా నేనూ అంగళ్లు తిరిగి గాజులు అమ్మేవాళ్లం. ఇవాళ మహబూబాబాదు, రేపు తొర్రూరు, ఆ తర్వాత టేకుమట్ల, కాటారం, ఇలా ఊరికొక వారం చొప్పున సంత ఎక్కడుంటే అక్కడే మా ఊరు. జనగామలోని అద్దెగది ఖాళీ చేసి, వేలంలో దొరికిన పాత దవాఖాన వ్యాను ఒకటి తెచ్చుకుని అందులోనే కాపురం పెట్టాం. ముందు ఆయన స్టీరింగు, మధ్యలో గాజుల అరలు, వెనక ఒకప్పుడు రోగులను పడుకోబెట్టిన బల్ల మీద మా పడక, దాని కింద కిరోసిన్ స్టవ్వు. తలుపుల మీది ఎర్రగుర్తుకు రంగు పూసినా ఎండ పడితే కనిపించేది. మేము ఊళ్లోకి రాగానే కొందరు భయపడి దారిచ్చేవారు, మరికొందరు ఎవరికేమైందోనని వెంట పరుగెత్తుకొచ్చి గాజులు తొడిగించుకుని పోయేవారు. కాపురానికి ఇంతకంటే వీలైన ఇల్లు నేను మళ్లీ చూడలేదు. గుమ్మంలో నిలబడితే రోజుకొక చెట్టు, రోజుకొక చెరువు.

ఒక్కటే లోపం, ఆ ఇల్లు తాగేది. పెట్రోలు ఇంజను కదా, ఎంత పోసినా ఇంకా కావాలనేది, పోయకపోతే ఎక్కడపడితే అక్కడ పడిపోయేది. మా ఆయనకు ఆ అలవాటు లేదని మురిసిపోయి చేసుకున్న నాకు, చివరికి తాగుబోతు ఇల్లు దొరికింది.

తొర్రూరులో మా అన్నకు బట్టల దుకాణం ఉండేది. మనిషి మంచివాడే, కానీ నోరు ఊరుకోదు. చెల్లెలి మొగుడు సంతల్లో గాజులమ్ముకుంటూ బండిలో నిద్రపోవడం ఆయనకు నామోషీ. ఆ ఎండాకాలం భూపాలపల్లి అవతల దగ్గరివాళ్ల పెళ్లికి చుట్టాలందరినీ ఎక్కించుకుని పోతుంటే, పెళ్లి ఊరు కనిపిస్తుండగానే మా బండి ఊపిరి వదిలింది. వెనకే టెంపోలో వచ్చిన అన్న దిగి, చుట్టూ తిరిగి, చేంతాడు తెప్పించి మా బండిని తన టెంపోకు కట్టాడు. అంతటితో ఆగితే అన్న ఎందుకవుతాడు? మగపెళ్లివారి కోసం నిలబడ్డ బ్యాండువాళ్లను పిలిచి, మా ముందర నడవమన్నాడు. ఊరు ఊరంతా అరుగుల మీదికి వచ్చి చూస్తుండగా, పీపీలు ఊదించుకుంటూ తాడు మీద ఊరేగాం. స్టీరింగు ముందు తలొంచుకున్న మా ఆయన చెవులు ఎర్రబడడం నేను వెనకనుంచి చూశాను. నా పగ పుట్టిన చోటు సరిగ్గా ఆ రెండు చెవులు.

భోజనాల దగ్గర అన్న మళ్లీ మొదలుపెట్టాడు.

"దవాఖాన బండి గదా బావా, మందు పడకుంటె లేవది. గిది నడిపేకంటె మోసుడు నయం."

పందిరంతా నవ్వింది. మా ఆయనా నవ్వాడు, అదే నాకు మండింది. ఆ నవ్వులమధ్యే అన్న అసలు మాట బయటపెట్టాడు. బండి అమ్మేసి, బావ వచ్చి దుకాణంలో బట్టలు కొలవాలి; మేమిద్దరం ఆయన ఇంటి వెనక గదిలో ఉండాలి. అన్నీ ముందే అనుకుని పెట్టుకున్నాడు.

నేను విస్తరి ముందునుంచి లేచాను. "మా బండి నీ దుకాణం ముందల నిండా పోపిచ్చుకోని కాటారం అంగడికి పొయ్యి, నడుమ ఒక్క చుక్క పొయ్యకుండ మళ్ల నీ దుకాణం ముందలికే వస్తె ఏమంటవ్?"

"వస్తె గీ బండి ముచ్చట మళ్ల జిందగీల ఎత్త. నోరు మూసుకుంట. రాకుంటె?"

"రాకుంటె ఆయన నీ దుకాణంల కూసుంటడు."

ఆ మాట అన్నాకగానీ మా ఆయన నవ్వు ఆగిపోవడం నేను గమనించలేదు. ఆయన బతుకును ఆయన్నడగకుండానే పందెం కాశాను. ఇక గెలవడం తప్ప నాకు దారి లేదు.

గెలవాలంటే బండి తిండి తగ్గాలి. ఎవరో చెప్పారు, బరువు తగ్గితే తాగుడు తగ్గుతుందని. లోపల చూస్తే బరువంతా మా పుట్టింటిదే. సారెతో వచ్చిన రాతి రోలు, టేకు సందుగ, ఇత్తడి గంగాళం. అంటే మా బండిని ముంచుతున్నదీ, మునిగిందని నవ్వుతున్నదీ ఒకే ఇల్లన్నమాట! ఈ సంగతి తట్టగానే నాకు కలిగిన ఆనందం చెప్పలేను. పొద్దున్నే తొర్రూరు పోయి, ఆ మూడింటినీ అన్న వాకిట్లో దింపించాను. రోలు మాత్రం ఆయన చెప్పులు విడిచే చోటనే పెట్టించాను. టైర్లకు గాలి కొట్టించుకొస్తానని మా ఆయన బండి తీసుకుని వెళ్లాడు.

పగలో పడి నేను మరిచింది ఒకటుంది. మా వైపు ఆడపిల్లతో పంపిన సారె పుట్టింటికి తిరిగొచ్చిందంటే దానికి ఒకటే అర్థం. పక్కింటావిడ ఒకసారి రోలు వంక, ఒకసారి నా వంక చూసి, మొగుడి బండి కూడా కనిపించకపోయేసరికి కొంగు నోట్లో కుక్కుకుని పరుగెత్తింది. ఎండ ముదరకముందే వాకిలి నిండింది. మా అవ్వ రోలును పట్టుకుని శోకాలు తీస్తోంది, వదినె నాకు నీళ్లిచ్చి, ఎంత కొట్టిండు బిడ్డా అని వీపు తడుముతోంది, కులపెద్దలు మంచాలు వేయించుకుని కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే టైర్ల నిండా గాలితో హుషారుగా దిగిన మా ఆయనను నలుగురు రెక్కలు పట్టి మధ్యలో నిలబెట్టారు.

"ఏంది సంగతి? పిల్లను ఎందుకిడిచినవ్?"

"ఇడుసుడేంది? గాలి కొట్టిచ్చుకొస్త అని చెప్పే పోయిన గదా!" అన్నాడు ఆ అమాయకుడు.

సంగతి విడమరిచి చెప్పాక పెద్దలకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. తీర్పు మాత్రం చెప్పారు: సారె వెనక్కి తీసుకోవడం ఇంటికి అరిష్టం, కాబట్టి చెల్లెకు మళ్లీ ఒడిబియ్యం పోసి, అన్నీ ఎక్కించి పంపాలి. అలా పగ తీర్చుకోబోయిన నేను రోలు, సందుగ, గంగాళాలతోపాటు, ఒడినిండా పసుపు కలిపిన బియ్యం మూటతో బయలుదేరాను. బండి వెనుకటికంటే కుంగింది. వాకిట్లో నిలబడి చెయ్యూపుతున్న అన్న ముఖం, అబ్బ, ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది.

అయితే సారె పుట్టింట్లో ఉండకూడదన్నారుగానీ, బండిలోనే ఉండాలని ఎవరూ అనలేదు. జనగామలో మా చిన్నత్త ఇంటి వెనక వాటిని దింపి, అక్కడే ఒడిబియ్యం వండి వాడకట్టంతా తినిపించాం; అందులో కొంత బరువు మాత్రం మూటలోంచి మా ఆయన పొట్టలోకి మారి, మళ్లీ బండి ఎక్కింది. ఆ తర్వాత నేను బండిమీద పడ్డాను. నెత్తిమీద కట్టిన మూటలనూ గాలికి కొట్టుకునే టార్పాలిన్‌నూ పీకించాను. నిండు నీళ్ల డ్రమ్ము మాని, ఏ ఊరి నీళ్లు ఆ ఊళ్లోనే పట్టుకున్నాం. ఒకసారి దిగి వెనక చక్రం మీద చెయ్యి ఆనిస్తే రొట్టె పెంకులాగా కాలింది. బ్రేకు పట్టేసి, మేము ముందుకు పోతుంటే అది వెనక్కి గుంజుతోందట. అచ్చం మా అన్నలాగే. మహబూబాబాదు మెకానిక్కు దాన్ని వదులు చేసి, కార్బురేటరు కడిగి ఇచ్చాడు.

ఇంత చేసినా తాగుడు సగమే తగ్గింది. మిగతా సగం మా ఆయన కాలిలో ఉందని నాకు చెప్పింది గాజులే. రాళ్లదారుల్లో సరుకు పగలకుండా ఉండాలని నేను వెనక అరల దగ్గర కూర్చుని చెవి ఒగ్గి వినేదాన్ని. ఆయన కాలు గట్టిగా నొక్కినా, ఉన్నట్టుండి బ్రేకు వేసినా గాజులు గలగలమనేవి. గలగలమన్న రోజు పెట్రోలు తొందరగా అయిపోవడం, సద్దు లేని రోజు మిగలడం గమనించి, ఒక గాజుల తోరం తెచ్చి సరిగ్గా ఆయన చెవి దగ్గర కట్టాను. అది మోగకుండా నడపాలి, అంతే షరతు. మొదట్లో ఆయన విసుక్కున్నాడు, తర్వాత నవ్వాడు, ఆ తర్వాత ఆయన కాలే ఆ తోరాన్ని వినడం నేర్చుకుంది. మెల్లగా ఎత్తుకుని, ఒకే తీరున పోయి, ఆగవలసిన చోటు దూరంనుంచే చూసుకుని కాలు తీసేసేవాడు. నిండు కుండ నెత్తిన పెట్టుకున్న మనిషి నడిచినట్లు నడిచేది మా బండి.

పందెం నాడు దొంగతనంగా పెట్రోలు డబ్బా దాస్తామేమోనని అన్న తానే కాపలాకు ఎక్కాడు. రోలు దింపి అన్నను ఎక్కించుకున్నట్లయింది, బరువులో పెద్ద తేడా లేదు. నేను కావాలనే ఆయనను వెనక బల్ల మీద, కింది పొగగొట్టం వేడి తగిలే వైపు కూర్చోబెట్టాను. ఆ ప్రయాణమంత తీయని ప్రయాణం నా జన్మలో లేదు. వర్ధన్నపేట దాటకముందే బస్సులన్నీ మమ్మల్ని దాటిపోయాయి. పరకాల దగ్గర లూనా మీద పోతున్న ముసలాయన దాటిపోయాడు. భూపాలపల్లి బొగ్గు లారీలు మా మొహాన దుమ్ము కొట్టి పోతుంటే, చెమటలు కక్కుతూ అన్న లేచి నిలబడ్డాడు.

"బావా, నీకు దండం పెడత, జర తొక్కు! సైకిలోడు గూడ మనల జూసి నవ్వుతున్నడు!"

"తొక్కితె గాజులు మోగుతయ్ బావా," అన్నాడు మా ఆయన, వెనక్కి తిరగకుండానే, ఎంతో మర్యాదగా. ఆ వేళ ఆయన చెవులు ఎర్రగా లేవు.

కాటారంలో గాజులమ్ముకుని, మరునాడు తిరుగుదారి పట్టాం. అన్న మాటలు మానేసి పెట్రోలు ముల్లు వంకే చూస్తున్నాడు. తొర్రూరు పొలిమేరలో ముల్లు అడుగున ఆనింది, బజారు మలుపులో ఇంజను దగ్గింది. దుకాణం బోర్డు కనిపించింది. బండి ఇంకోసారి దగ్గి, చివరి ఊపుతో జారుకుంటూ వచ్చి, సరిగ్గా అన్న దుకాణం గుమ్మానికి అడ్డంగా ఆగి, ప్రాణం విడిచింది. లోపలికి పోవడానికి సందు లేదు, బయటికి రావడానికీ లేదు. మా ఆయన పెట్రోలు తెస్తానని లేవబోతే నేను కూర్చోమన్నాను. తొందరేముంది? బండి మెట్టు మీద స్టవ్వు వెలిగించి చాయ పెట్టాను, చుట్టుపక్కల కొట్లవాళ్లందరికీ పోశాను, కొనడానికి వచ్చిన ఆడవాళ్లకు అక్కడే గాజులు తొడిగాను. పొద్దు వాలేదాకా అన్న దుకాణంలో గజం గుడ్డ తెగలేదు.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ రోజునుంచి బండి ఊసెత్తలేదు. నేను ఊరుకున్నానా? ఏ పెళ్లికి పోయినా ఆయనెదుటే కుర్చీ వేసుకుని, మా బండి మీద వచ్చినం అన్నా, బండి మంచిగ నడుస్తున్నదన్నా అనేదాన్ని. ఆయన పెదవులు బిగించుకుని విస్తరిలోకి చూసేవాడు. ఎన్నో ఏళ్లు ఆ మౌనాన్ని పాయసంలా తిన్నాను. కానీ బండిని ఆడిపోసుకోవడం తీసేస్తే మా అన్నకు నాతో మాట్లాడడానికి ఇంకేమీ లేదని నాకు తెలిసేసరికి చాలా కాలం పట్టింది. తర్వాత్తర్వాత, మంచిగున్నవా చెల్లె, వానలు పడ్డయా, మోకాళ్లెట్లున్నయ్, అంతే. బండి పాత ఇనుములోకి పోయింది. ఆ తర్వాత వదినె, ఆ తర్వాత మా ఆయన. ఆ బండిని ఎరిగినవాళ్లలో చివరికి నేనూ అన్నా ఇద్దరమే మిగిలాం, అందులో ఒకరికి దాని పేరెత్తకూడదని ఒట్టు.

బంకులో ఆ ఇల్లును చూసిన వారానికి మహబూబాబాదు పోయి, కూతురింట్లో ఉంటున్న అన్నకు, మా అమ్మాయి నా ఫోనుకు పంపిన వీడియో చూపించాను. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, ఫోను కంటికి ఆనించుకుని చాలాసేపు చూశాడు.

"ఎంతిస్తదట?"

"లీటరుకు ఏడు గూడ ఇస్తలేదట."

ఆయన భుజాలు కదిలాయి. దగ్గేమో అనుకున్నాను, నవ్వు.

"నయమే గదనే! మన దవాఖాన బండి కంటె బుద్ధిమంతురాలే. అది తాగి తాగి, బ్యాండుమేళంతోని పెండ్లికచ్చింది!"

ఇన్నేళ్లకు దొరికాడు. చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుని, "అన్నా, మాట తప్పినవ్!" అన్నాను. ఆయన చిన్నపిల్లవాడిలా అరచేత్తో నోరు మూసుకున్నాడు. నేను ఆ చెయ్యి తీసేసి, "మూసుకున్నది చాలు, ఇంకేమన్న అను," అన్నాను.

అన్నాడు, పొద్దువాలేదాకా.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు తొర్రూరు మీదుగానే వచ్చింది. అన్న దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్ల షాపు ఉంది, దాని గుమ్మం వెడల్పుగా, అద్దాలతో మెరిసిపోతోంది. ఈ రోడ్ల మీద డ్రైవరు ఎంత తొక్కినా బస్సు కుదపలేదు, నా చేతి గాజులు కదలలేదు. అయినా పాత అలవాటు కదా, జనగామ వచ్చేదాకా చెవి ఒగ్గి వింటూనే కూర్చున్నాను.