రెండో కుర్చీ

ఊళ్లు చూడాలని బయలుదేరిన అతను దారిఖర్చుల కోసం ఈ వానల ఊరి సెలూన్‌లో నెల్లాళ్లుగా పనిచేస్తున్నాడు. చెయ్యి తేలిక. అయినా వచ్చినవాళ్లు ముసలి యజమాని కుర్చీ ఖాళీ అయ్యేదాకా బల్లమీద కునుకు తీస్తారు. "రేపోమాపో పోయేవాడివి, నా తల నీకెందుకులే తమ్ముడూ!" అని నవ్వుతారు. అతనూ నవ్వి, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తూ, అందులో కనిపించే ముసలాయన వేళ్లను చూసి కుళ్లుకుంటాడు. ఎన్ని ఊళ్లు తిరిగినా తనకోసం ఆగినవాడు ఒక్కడూ లేడు.

మొన్న ముసలాయనకు జ్వరమొచ్చింది. గడ్డం మాసిన పోస్ట్‌మ్యాన్ గుమ్మంలోంచి తొంగిచూసి, "బాబాయి ఎప్పుడొస్తాడు?" అన్నాడు.

మర్నాడే వస్తాడని తెలిసీ, "పది రోజులు పడుతుందన్నా, కూర్చో" అని అతను తన కుర్చీ దులిపాడు.

పోస్ట్‌మ్యాన్ గడ్డం నిమురుకుని, "పోనీలే, పది రోజులు పెంచుకుంటా" అంటూ గొడుగు విప్పాడు.