మానేసినవాళ్ల లెక్క

మొన్న ఒక మెడికల్ కాలేజీ అమ్మాయి చేతిలో ట్యాబు పట్టుకుని మా ఇంటికి వచ్చి, మోకాళ్ల నొప్పుల మీద ఏదో పరిశోధన అంటూ, మీరు ఇప్పుడు గానీ ఇదివరకు గానీ కింద కూర్చుని చేసే పని ఏదైనా చేశారా, చేసి మానేస్తే ఎందుకు మానేశారు అని అడిగింది. ఆ ‘ఇదివరకు’ అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. జవాబు చెప్పి పంపించాను గానీ, ఆ పూట అన్నం సయించలేదు.

నాకు నలభై ఏళ్లు దాటిన రోజుల్లో మా నరసాపురం వీధుల్లో మధ్యాహ్నమైతే ప్రతి అరుగు మీదా ఆడవాళ్లు లేసు అల్లుతూ కూర్చునేవారు. లేసు పని వల్ల కళ్లు పాడవుతాయా అని తేల్చడానికి ఒక డాక్టరమ్మ గారు వచ్చారు. ఇళ్లు చూపించడానికి నన్ను పెట్టుకున్నారు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. చర్చి వెనక గదిలో పెద్దవాళ్లకు బడి పెడితే నేను చదువు నేర్చుకున్నది ఆ తరవాత చాలా ఏళ్లకు. డాక్టరమ్మ గారు కాగితం మీద రెండు గళ్లు గీసుకుని, లేసు అల్లేవాళ్లను ఒక గడిలో, అల్లనివాళ్లను రెండో గడిలో వేసుకుంటూ, అందరి చూపూ పరీక్ష చేసేవారు.

మా తోడికోడలు నాకంటే పెద్దది, అక్కా అనే పిలిచేదాన్ని. మా వీధిలో ఆవిడంత సన్నగా అల్లే చెయ్యి లేదు. అప్పటికి రెండేళ్లుగా సూది ముట్టడం లేదు. విసుగొచ్చి మానేశానని ఊరంతా చెప్పింది. చూపు మందగించి అల్లికలో గొలుసు తప్పుతోందని నాకొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. డాక్టరమ్మ గారు లేసు అల్లుతారా అని అడిగితే, లేదండీ అని దర్జాగా చెప్పింది. ఆవిడ పేరు రెండో గడిలో పడింది. అలా కళ్లు పోయి మానేసినవాళ్లందరూ ఆ గడిలోకే చేరారు.

చివరిరోజు లెక్క చూసుకుని డాక్టరమ్మ గారు నవ్వారు. “అల్లేవాళ్ల కళ్లే బాగున్నాయమ్మా, నేనూ సూది పట్టాలేమో” అన్నారు. నేనూ నవ్వబోయాను గానీ, అరుగుల మీద అల్లడం నేర్చుకుంటున్న చిన్న పిల్లల ముఖాలు గుర్తొచ్చి నవ్వు రాలేదు. అల్లుతున్నారా అని కాదండీ, ఎప్పుడైనా అల్లారా, ఎందుకు మానేశారు అని అడగండి, చూపు తగ్గే సూది మానేసింది మా అక్క, ఆవిణ్ణి అడగండి అని చెప్పేశాను.

డాక్టరమ్మ గారు తన కాగితం మళ్లీ మొదటి నుంచి చూసుకున్నారు. తరవాత, తప్పు కళ్లలో లేదు, నా ప్రశ్నలో ఉంది అన్నారు. ఒక్కరోజు వచ్చి చూసిపోతే ఏది ముందు, ఏది వెనక అన్నది తెలియదనీ, అసలు తేల్చాలంటే మంచి చూపున్న పిల్లల్ని, అల్లేవాళ్లనీ అల్లనివాళ్లనీ, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూడాలనీ నాకు అర్థమయ్యేలా చెప్పారు. రాసినదంతా కొట్టేసి, మొదటి ఇంటి నుంచి మళ్లీ మొదలుపెట్టారు.

మా అరుగు దగ్గర నలుగురూ ఉండగానే, మంచి మనసుతోనే, “చూపు తగ్గి మానేశారట గదా, మీ చెల్లెలు చెప్పింది” అన్నారు. అక్క నావైపు తిరిగింది. తిరిగింది గానీ, నేను నిలబడ్డ చోటికి కాక పక్కనున్న స్తంభం వైపు చూసింది.

“అవునండీ, రాసుకోండి. మా చెల్లికి అన్నీ తెలుసు.”

ఆవిడ నోట నా గురించి నేను విన్న ఆఖరి మాట అదే. ఒకే గోడకు అటూ ఇటూ పదకొండేళ్లు బతికాం. ఆవిడ కూర వండితే వాసన వచ్చేది, గిన్నె వచ్చేది కాదు. ఆవిడ పోయాక కూడా, పిలిచినట్టనిపించి చాలాసార్లు ఉలిక్కిపడ్డాను.

ఇప్పుడు అరుగులు పోయి గేట్లు వచ్చాయి. అడగడానికి వచ్చేవాళ్లు ఎంతో నేర్చుకుని వస్తున్నారు, ఎవరిని అడగాలో, ఏది ముందు అడగాలో వాళ్లకు తెలుసు. డాక్టరమ్మ గారికి ప్రశ్న సరిచేసి చెప్పానని నేనూ కొన్నాళ్లు లోలోపల మురిసిపోయాను. నేను ముందుగా మా అక్కను అడగవలసింది ఒకటుంది, నీ సంగతి చెప్పనా అని. అడిగితే వద్దనేదేమో, లేక ఆ పిల్లల కోసం సరే అనేదేమో, నాకెప్పటికీ తెలియదు.