సొన్నమ్మక్క చేతికి కాపడం

యలహంక పాతూరిలో పట్టుమగ్గాల షెడ్డుకు పోయి సొన్నమ్మక్క గురించి అడగండి. నోటికి తాళం లేని మనిషి అంటారు. పనిలో మాత్రం వంక పెట్టరు. తెగిన పోగును కళ్లు మూసుకుని వేళ్లతోనే వెతికి ముడేసేది.

అలాంటి మనిషికి మెడలో నరం నొక్కుకుని కుడిచేయి మొద్దుబారింది. పోగు తగిలినా తెలియదు. "చెయ్యి బాగు చేసుకోని రాక్కా, లేకుంటే మగ్గం వేరేవాళ్లకి ఇస్తాను" అన్నాడు షెడ్డు యజమాని ఓబళప్ప. అందుకే ఫిజియోథెరపీకి వచ్చింది. తోడు, పక్క మగ్గం నేసే నేను.

కాపడం పెట్టే ముందు చర్మానికి వేడి తెలుస్తుందో లేదో చూస్తారు. తెలియకపోతే పెట్టరు. అక్కడ వైద్యం చేసే సౌమ్య అనే అమ్మాయి ఆమెను కళ్లు మూసుకోమని, వేడినీళ్ల గాజుగొట్టం ఒకసారి, చన్నీళ్లది ఒకసారి ముంజేతికి ఆనించింది. మా అక్కకు ఏదీ తెలియలేదు. తెలియదంటే వైద్యం లేదు, వైద్యం లేకుంటే మగ్గం లేదు. మగ్గంలో పోగులు ఒకటి పైకి, ఒకటి కిందికి లేస్తాయి కదా, ఆ వరసనే పట్టుకుని "వేడి, చల్లన, వేడి, చల్లన" అనేసింది. బయట జనం కాచుకుని ఉన్న తొందరలో సౌమ్య కూడా అదే వరసలో పెట్టింది!

ముంజేతికి వేడి ప్యాక్ కట్టారు. మెడకు కరెంటు ప్యాడ్లు అతికించి, కదలొద్దన్నారు. మెడ మీద చీమలు పాకినట్టు చిమచిమలాడుతోందట. చేయి మాత్రం పక్కింటివాళ్లదిలా పడి ఉందట. అదంతా తర్వాత చెప్పింది. అప్పుడు చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

"చురుక్కుమంటే చెప్పండి ఆంటీ" అంది సౌమ్య తెర అవతలనుంచి.

"వెచ్చగా బాగుండాది పాపా."

నుదుట చెమటలు పోస్తున్నాయి. కాలుతోందో లేదో ఆమెకే తెలియదు. నోరు విప్పితే మగ్గం పోతుంది, విప్పకపోతే చేయి ఏమవుతుందో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊరందరి గుట్టూ విప్పే మనిషి, ఆ పూట పెదవి కొరుక్కుని పడుకుంది. నేను స్టూలు మీద కూర్చుని, భయమేమో అనుకుని ఊరుకున్నాను.

ప్యాక్ తీసేసరికి ముంజేయి ఎర్రగా కమిలి ఉంది. చింతగింజంత బొబ్బ.

"అయ్యో, కాలుతుంటే చెప్పలేదేం ఆంటీ?" సౌమ్య ముఖం పాలిపోయింది.

అక్క ఎడమచేతి వేలితో బొబ్బను నొక్కింది. ఇంకా గట్టిగా నొక్కింది. తర్వాత చిన్నపిల్లలా ఏడ్చేసింది.

"నొప్పే లేదు పాపా. ఇంత కాలినా నొప్పే లేదు."