అప్ప కోసం వెతికిన పుస్తకం

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్సులో గడిచిన నా చిన్నతనంలో, ఒక వానాకాలమంతా పుస్తకాలు మోసుకురావడం, మళ్ళీ మోసుకెళ్ళి తిరిగివ్వడం నా పనైపోయింది. చదువు మీద ప్రేమతో కాదు, మా అప్ప కోసం. మావైపు అక్కని అప్ప అనే పిలుస్తాం. ఆమె పురిటికని పుట్టింటికి వచ్చింది. బావ చక్రధర్‌పూర్‌లో రైలింజన్ మీద ఫైర్‌మన్, సెలవు దొరికితే వచ్చి చూసి వెళ్ళేవాడు. అప్పకి అది రెండో కాన్పు. మొదటి బిడ్డ ఏడో నెలలో కడుపులోనే పోయింది.

ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. అప్ప అత్తవారింట్లో మాత్రం, గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుంది కాబట్టే అలా జరిగిందని తేల్చేశారట. అమ్మ దానికి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తలా ఒక మాట చెప్పేవారు. ఒకరు తినమన్నది ఇంకొకరు ముట్టుకోవద్దనేవారు. అప్ప తెలుగు బడిలో చదువుకున్నది కాబట్టి అచ్చులో ఉన్నదాని మీద ఆమెకు గురి ఎక్కువ. ఒకరోజు నన్ను పిలిచి, కడుపుతో ఉన్నవాళ్ళు చదివే పుస్తకం మంచిది ఏదైనా తెచ్చిపెట్టమని అడిగింది.

మా బడి వెనక గదిలో తెలుగు పుస్తకాల అల్మరా ఒకటి ఉండేది. దాని తాళంచెవి మా పంతులమ్మ గారి కొంగుకి ఉండేది. ఆవిడ నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. భయపడుతూనే అడిగాను. ఆవిడ అల్మరాలో వెతికి సన్నటి పుస్తకం ఒకటి తీసిచ్చారు.

అప్ప దాన్ని మధ్యాహ్నం దాకా చదివి, మూసి, అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకుంది. తరవాత నేను కూడబలుక్కుంటూ చదివి చూశాను. గర్భిణి ఏడవకూడదు, భయపడకూడదు, చెడు తలపు రానివ్వకూడదు, తల్లి మనసు నిర్మలంగా లేకపోతే బిడ్డ దక్కదు అని ఉంది అందులో. రాసింది ఎవరో పెద్దాయన. పుస్తకం బాగుందా అని అప్పని అడిగాను.

"మంచిదేనే. నా మనసే మంచిది కాదేమో" అంది.

నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి ఇంకో పుస్తకం అడిగాను. ఈసారి లావుపాటిది, బొమ్మలున్నది దొరికింది. అందులో తల్లికి గాలి వెలుతురు వచ్చే ప్రత్యేకమైన గది ఉండాలట. సాయంత్రాలు తోటలో నడవాలట, పొద్దున్నే బాదంపాలు, మధ్యాహ్నం పళ్ళరసం తాగాలట. మాది రెండు గదుల క్వార్టరు. పిల్లలమే నలుగురం. కుళాయి పెరట్లో. నేను పైకి చదువుతుంటే అమ్మ వంటింట్లోంచి విని ముందు నవ్వింది, తరవాత విసుక్కుంది. ఆ రాసినవాళ్ళింట్లో నీళ్ళు ఎవరు పడతారో కనుక్కోమంది. మూడోసారి తెచ్చినది వీరులను కన్న తల్లుల కథలు. అది చదువుతూ అప్ప నిద్రపోయింది. ఆ వానాకాలంలో అదొక్కటే ఆ అల్మరా చేసిన ఉపకారం.

నా తంటాలు చూసి నాన్న ఒక ఆదివారం సైకిలెక్కి ఇందా అనే పేటలోని బజారుకి వెళ్ళి, అట్ట మీద తల్లీబిడ్డల బొమ్మ ఉన్న కొత్త పుస్తకం కొనుక్కొచ్చాడు. గర్వంగా అప్ప చేతిలో పెట్టాడు. తెరిచి చూస్తే అంతా బెంగాలీ. నాన్న వర్క్‌షాప్‌లో పొద్దంతా బెంగాలీ మాట్లాడతాడు కానీ ఒక్క అక్షరం చదవలేడు. మాలో ఎవరమూ చదవలేం. అమ్మ దాన్ని తీసి ట్రంకుపెట్టె మీద పెట్టింది.

ఈలోగా అప్ప పాదాలు ఉబ్బాయి. మెట్టెలు బిగుసుకుపోయాయి. తలనొప్పని నుదుటికి గుడ్డ కట్టుకుని కూర్చునేది. కాళ్ళు ఉబ్బడం మామూలేననీ, ముఖంలో కళ వస్తుందనీ సన్న పుస్తకం చెప్పింది. అలా ఉబ్బితే మగపిల్లాడేనని చూడవచ్చిన వాళ్ళు చెప్పారు.

నేను పుస్తకాలన్నీ పట్టుకెళ్ళి పంతులమ్మ గారి బల్ల మీద పెట్టేశాను. భయం కూడా పోయింది.

"మీ అల్మరాలో మా అప్పకి పనికొచ్చేది ఒక్కటీ నేదండి" అన్నాను.

తిడతారనుకున్నాను. ఆవిడ నావైపు చూసి, అసలు మీ అప్పకి ఏం కావాలని అడిగారు. మంచి పుస్తకం అన్నాను. దేనికి మంచిది అన్నారు. నాకు ఇంకా కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ తిరుగుతున్నది నేనైతే ఈవిడ నన్నే ప్రశ్నలు వేస్తుందేమిటని గొణుక్కుంటూ ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రం వర్క్‌షాప్ సైరన్ మోగి, నాన్న ఇంటికొచ్చిన కాసేపటికి, ఆవిడ ఆ పుస్తకాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. అమ్మ కంగారుపడి కుర్చీ వేసింది. ఆవిడ కుర్చీ వద్దని చాప మీద అప్ప పక్కనే కూర్చున్నారు. సన్న పుస్తకం తెరిచి రెండు పేజీలు చదివేసరికి ముఖం మారిపోయింది.

"ఇది నేను చదవకుండా ఇచ్చేసినాను. తప్పు నాది. ఇందులో చదివింది మర్చిపో అమ్మా" అన్నారు.

అప్ప తలదించుకుంది. ఆవిడ పుస్తకాలన్నీ పక్కకి నెట్టి, ఇవి రాసినవాళ్ళు ఇప్పుడు నీ ఎదురుగా కూర్చుంటే మొదట ఏమడుగుతావో చెప్పమన్నారు. అప్ప వంటింటి వైపు చూసింది, నాన్న వైపు చూసింది. నాన్న లేచి వరండాలోకి వెళ్ళాడు.

"పోయిన బిడ్డ నా మూలంగా పోయిందా అని అడుగుతాను" అంది.

వంటింట్లో అమ్మ గరిట చప్పుడు ఆగిపోయింది. ఇన్ని నెలలుగా మా ఇంట్లో తిరుగుతున్న మాటని నేను వినడం అదే మొదలు.

"అయితే ఆ మాటకి జవాబు ఉన్నదే నీ పుస్తకం. లేనిది ఎంత గొప్పదైనా మనకి వద్దు" అన్నారు పంతులమ్మ గారు.

లావు పుస్తకమంతా తిరగేశారు. పోయిన బిడ్డల గురించి ఒక్క ముక్క లేదు. వీరమాతల్లోనూ లేదు. అప్పుడు ట్రంకుపెట్టె మీద ఉన్నదేమిటని అడిగారు. నాన్న గుమ్మంలోంచి సిగ్గుపడుతూ, దుకాణం దాదా మంచిదన్నాడని తెచ్చినానండి, మాటాడ్డం వచ్చు గానీ సదవడం రాదు అన్నాడు. ఆవిడ చిన్నప్పుడు మేదినీపూర్‌లో బెంగాలీ బడిలో చదువుకున్నారట. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. మేము అడిగిందీ లేదు.

ఆ పుస్తకం రాసింది ఒక లేడీ డాక్టరు. పంతులమ్మ గారు విషయసూచిక మీద వేలు పెట్టి దిగుతూ వచ్చి, ఒకచోట ఆగి, పేజీ తీసి పైకి చదవడం మొదలుపెట్టారు. చాలాసార్లు కారణం వైద్యులకే అంతుపట్టదనీ, గ్రహణాలకీ కత్తులకీ దానితో సంబంధం లేదనీ, ఏడ్చినందువల్ల బిడ్డ పోదనీ ఉంది. మాయేర్ కోనో దోష్ నేయ్ అని చదివారు. తల్లి తప్పేమీ లేదని. వింటే బెంగాలీ మాకందరికీ తెలుస్తుంది, తెలుగులో చెప్పాల్సిన అవసరం రాలేదు. గుమ్మం దగ్గర చేపలమ్మే దీదీతో రోజూ బెంగాలీలోనే బేరమాడే అమ్మ కూడా చేయి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"ఇంకోపాలి సదవండి" అంది అప్ప.

ఆవిడ మళ్ళీ చదివారు. అప్ప ఏడ్చింది. ఈసారి ఎవరూ ఏడవొద్దనలేదు.

పంతులమ్మ గారు పేజీ తిప్పి తనలో తాను చదువుకుంటూ ఉన్నట్టుండి అప్ప పాదాల వైపు చూశారు. తలనొప్పి ఎన్నాళ్ళనుంచని అడిగారు. చూపు మసకబారుతోందా అని అడిగారు. రెండు రోజులుగా అలాగే ఉందని, నిద్ర చాలక అనుకున్నానని అప్ప చెప్పింది. ఆవిడ పుస్తకం మూసేసి, నాన్నని వెంటనే రిక్షా పిలవమన్నారు. మగపిల్లాడి గుర్తులని అందరూ మురిసిపోయిన వాటిని ఆ పుస్తకం ప్రమాదమని రాసింది.

ఆస్పత్రిలో రక్తపోటు బాగా పెరిగిందని చూసి అప్పని అక్కడే ఉంచేసుకున్నారు. ఇంకొంత ఆలస్యమైతే తల్లీబిడ్డలిద్దరికీ కష్టమయ్యేదని నాన్నతో చెప్పారట. నెలలు పూర్తిగా నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. దోసిట్లో పట్టేంత ఉండేది. దూదిలో చుట్టి కాపాడారు. బతికింది.

అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను కానీ నా కోపం చల్లారలేదు. ఆ పేజీ అన్ని రోజులూ మా ఇంట్లోనే ఉంది. దాని మీద దుమ్ము నేనే తుడిచాను. మాకు తెలిసిన మాటల్లోనే ఉంది, అక్షరాలు మాత్రం మావి కావు. ఎవరి మీద కోప్పడాలో తెలియక పంతులమ్మ గారి దగ్గరే వెళ్ళగక్కాను. కోపం ఉంటే ఉండనీ, రేపట్నుంచి సాయంత్రం పలక తెచ్చుకో అన్నారావిడ. ఆ ఏడు నేను బెంగాలీ అక్షరాలు నేర్చుకున్నాను. సన్న పుస్తకం మళ్ళీ అల్మరాలో కనబడలేదు. ఏమైందని అడిగితే, అది చదవదగ్గది కాదని మాత్రం అన్నారు.

ఇప్పుడు మా బంధువుల్లో ఏ అమ్మాయి నీళ్ళోసుకున్నా, ఏ పుస్తకం కొనివ్వమంటావని నన్నే అడుగుతారు. దుకాణాల్లో బొద్దుపిల్లల బొమ్మల పుస్తకాలు వరసగా పేర్చి ఉంటాయి. తీసి చూస్తే, తల్లి ఎప్పుడూ ఆనందంగా ఉండాలని ఇప్పటికీ రాస్తున్నారు. ఆనందంగా లేని పిల్ల ఏం చెయ్యాలో వెతుకుతాను. చాలావాటిలో ఉండదు. ఆనాటి విసుగే మళ్ళీ వస్తుంది. పక్కన పడేసి ఇంకోటి తీస్తాను, దుకాణంవాడు మొహం చిట్లించుకున్నా సరే.

అయితే దుకాణానికి వెళ్ళేముందు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్తాను. అందరినీ అవతలికి పంపి, దేనికి భయపడుతున్నావమ్మా అని అడుగుతాను. ఏమీ లేదంటారు ముందు. ఆ మాట నమ్మి లేచి రావడం నాకు చేతకాదు. కూర్చుని ఉంటాను, వాళ్ళు చెప్పేదాకా.